దుర్వినియోగం అంటే ఏంటి?

ఈరోజు నేను ఒక్క మాట గురించే చెప్తాను: దుర్వినియోగం. వినియోగం అంటే వాడడం. ముందు 'దుర్' చేరితే చెడ్డగా వాడడం. మరి ఏది చెడ్డ వాడకమో ఎలా తెలుస్తుంది?

ఫిల్మ్ నగర్‌నే చూడండి. ఫైట్ సీన్‌లో డూప్ ముఖం తీసేసి హీరో ముఖం పెడతారు. హీరోకీ తెలుసు, డూప్‌కీ తెలుసు. అది వినియోగం.

2023 నవంబర్‌లో రష్మిక మందన్న డీప్‌ఫేక్ వీడియో వచ్చింది. అదీ ముఖం మార్చడమే. కానీ రష్మికనీ అడగలేదు, అసలు వీడియోలో ఉన్న అమ్మాయినీ అడగలేదు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లా కుర్రాడిని అరెస్ట్ చేశారు. రష్మిక ఫ్యాన్ పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడట, పోలీసులు చెప్పిన మాట ఇది. ఆ కేసులో పెట్టిన ఐటీ చట్టం 66సీ కింద 3 ఏళ్ల వరకు జైలు పడొచ్చు.

తేడా అంతా అనుమతి దగ్గరే ఉంది. ఫార్వర్డ్ చేసినవాళ్ళూ ఆ ముఖాన్ని అడక్కుండా వాడినట్టే కదా! రష్మిక కోసం అమితాబ్ బచ్చన్ మాట్లాడారు. మీ క్లాస్‌మేట్‌కి ఇలా జరిగితే ఎవరు మాట్లాడతారు? మీరే మాట్లాడాలి. వీడియో మీ దగ్గరే ఆపండి, ఆ అమ్మాయికి చెప్పండి, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయించండి.