పల్లమెరిగే గ్యాస్

నిండు గ్యాస్ బండ నీళ్ళలో మునగదు, తేలుతుంది. ఇళ్ళకు వచ్చే ఎర్ర సిలిండర్ ఉత్త బండగా పదిహేను, పదహారు కిలోలు తూగుతుంది. అందులో పట్టే గ్యాస్ 14.2 కిలోలు. అంతా కలిపి 30 కిలోలు అనుకుంటే, ఆ బండ పక్కకు నెట్టే నీరు 35 కిలోల దాకా ఉంటుంది. తన బరువును మించి నీటిని నెట్టే వస్తువు తేలక తప్పదు. 2009 అక్టోబరులోనూ, 2024 సెప్టెంబరులోనూ ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి కృష్ణమ్మ దిగువకు దూకింది. దివిసీమ లంక గ్రామాల ఇళ్ళు నీళ్ళలో నానాయి. అలాంటి వేళ రెగ్యులేటర్ తగిలించి, ట్యూబు బిగించి వదిలేసిన బండ నీటితోపాటు లేచి ఒరుగుతుంది. ట్యూబును పీకుతుంది, పొయ్యిని గట్టు మీంచి లాగుతుంది.

అందుకే వరద కబురు అందగానే రెగ్యులేటర్ కట్టేసి ఊడదీయాలి. బండకు తాడుతో వేలాడే మూతను వాల్వు మీద నొక్కి పెట్టాలి. బండను నిలువుగానే ఉంచి కిటికీ ఊచకో స్తంభానికో కట్టాలి. నీళ్ళు తీశాక పాత రెగ్యులేటర్‌ను కడిగి మళ్ళీ పెట్టేస్తారు చాలామంది. అది ప్రమాదం. దాని లోపల ఒక రబ్బరు పొర, ఒక స్ప్రింగు, గాలి ఆడడానికి చిన్న రంధ్రం ఉంటాయి. ఆ రంధ్రంలో ఒండ్రు పేరుకుంటే పొర సరిగా కదలదు, పొయ్యికి వెళ్ళే పీడనం అదుపు తప్పుతుంది. వరద తాకిన రెగ్యులేటర్‌ను ఏజెన్సీలో ఇచ్చి మార్చుకోవాలి.

నీరు ఎటు పారుతుందో బందరు, గుడివాడ, అవనిగడ్డ మనుషులకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నీరు పల్లమెరుగు అన్న సామెత వాళ్ళకు రోజువారీ అనుభవం. వంటగ్యాసూ అలాగే నడుస్తుంది. ఇది ప్రొపేన్, బ్యూటేన్‌ల కలయిక. గాలితో పోలిస్తే ప్రొపేన్ ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. లీకైన గ్యాస్ కప్పు వైపు లేవదు. గట్టు మీంచి నేలకు జారి, బండ పెట్టిన అరలో నిలిచి, గడప దాటి, తూములోకీ మురుగు కాలువలోకీ దిగుతుంది. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే పొయ్యి గురించిన జాగ్రత్తల్లో సగం వాటంతటవే తోస్తాయి.

గ్యాస్ రాకముందు కృష్ణా డెల్టాలో అన్నానికి కొదవ లేదు గానీ కట్టెకు ఎప్పుడూ కరువే. అడవి దూరం, చుట్టూ వరి చేలు, గడ్డేమో పశువులకు. పిడకలు, తాటిమట్టలు, కొబ్బరి డొక్కలు, కందికంప, గట్ల మీది తుమ్మ, సముద్రం వారన సరుగుడు, దివిసీమ కొసన మడచెట్ల కొమ్మలు, ఏది దొరికితే అది పొయ్యిలోకి పోయింది. పాలకు దాలి. రైసుమిల్లుల గుడివాడలో ఊక పొయ్యి. కోత మిల్లు దగ్గరుంటే పొట్టు పొయ్యి: డబ్బా నడుమ కర్ర నిలబెట్టి చుట్టూ రంపపు పొట్టు దట్టించి, కర్రను లాగేస్తే మిగిలిన బొరియలోంచి మంట లేచేది. తరవాత కిరసనాయిలు స్టవ్వులు. వానాకాలం వచ్చిందంటే తడిసిన పుల్లలతో, ఊదుడు గొట్టంతో, నీళ్ళు కారే కళ్ళతో ఆడవాళ్ళు పడిన పాట్లు ఏ లెక్కల్లోనూ చేరలేదు. ఆ బాధను శాస్త్రం సమస్యగా చూసిన తొలివారిలో మన హైదరాబాదు ఇంజనీరు ఎస్.పి.రాజు ఒకరు. పొగగొట్టంతో మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే చిన్న పుస్తకం తెచ్చారు. పొగలేని వంటగది కోట్ల ఇళ్ళకు చేరాలన్నది ఆయన తపన.

గ్యాస్ పొయ్యి మాత్రం అప్పటికే శతాబ్దం దాటిన యంత్రం. ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో జేమ్స్ షార్ప్ 1826లో దానికి పేటెంటు తీసుకున్నాడు. అది బొగ్గు నుంచి తీసిన గ్యాస్. పైపులు వేసిన నగరాల్లో తప్ప పనికిరాదు. మంట కూడా పచ్చగా, మసితో ఉండేది. ఆ మంటను నీలంగా మార్చినవాడు జర్మనీలో రాబర్ట్ బున్సెన్. 1855 ప్రాంతంలో హైడెల్‌బర్గ్‌లోని తన ప్రయోగశాల కోసం, పీటర్ దెసాగా అనే పనివాడి చేత ఒక బర్నరు చేయించాడు. మంట దగ్గరికి చేరకముందే గ్యాస్‌లో గాలి కలవాలన్నదే అందులోని కిటుకు. ఈరోజు నాగాయలంకలో చేపల పులుసు కాగుతున్న పొయ్యిలోనూ అదే ఉంది. జెట్టు రంధ్రంలోంచి గ్యాస్ వేగంగా చిమ్ముతూ పక్కనున్న గాలిని తనతో లాక్కుంటుంది. రెండూ గొట్టంలో కలిసి, ఇత్తడి బర్నరు కన్నాల్లోంచి వచ్చి నీలంగా మండుతాయి.

బందరు వైపు ఇళ్ళలో ఆ నీలం మంటలో అప్పుడప్పుడు నారింజ రంగు మెరుపులు కనిపిస్తాయి. గ్యాస్ కల్తీ అయిందేమోనని కొందరు కంగారుపడతారు. సముద్రగాలిలో తేలే ఉప్పు, పొంగిన పప్పులోని ఉప్పు మంటలో పడితే సోడియం ఇచ్చే రంగు అది. ఇదే బర్నరును వాడి 1860 ప్రాంతంలో బున్సెన్, కిర్కాఫ్ ఏ మూలకం ఏ రంగు వెలుగునిస్తుందో పట్టికలు వేశారు, సీసియం, రుబీడియం అనే కొత్త మూలకాలనే కనుక్కున్నారు. ఉప్పు మెరుపుతో భయం లేదు. మంట మొత్తం పచ్చబడి, నాలుకలు చాచినట్టు మెల్లగా ఊగుతూ, గిన్నె అడుగున మసి పడుతుంటే మాత్రం గాలి చాలడం లేదన్నమాట. బర్నరు కన్నాలు మూసుకుపోయి ఉండాలి, లేదా గాలి దారిలో దుమ్ము, బొద్దింకల చెత్త చేరి ఉండాలి. అలా సగం మండిన మంట నుంచి వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. బర్నరు చల్లారాక తీసి, సబ్బునీళ్ళలో నానబెట్టి, బ్రష్‌తో తోమి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. జెట్టును మాత్రం సూదితో కెలకకూడదు. ఆ రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా గ్యాస్ ఎక్కువై మంట మళ్ళీ పచ్చబడుతుంది.

పైపుల్లేని ఊళ్ళకు గ్యాస్‌ను చేర్చిన ఘనత అమెరికా రసాయన శాస్త్రవేత్త వాల్టర్ స్నెల్లింగ్‌ది. కారు పెట్రోలు ఊరికే ఆవిరై పోతోందని ఫిర్యాదు వస్తే 1910 ప్రాంతంలో పరీక్ష చేసి, పోతున్నది ప్రొపేన్, బ్యూటేన్ అని తేల్చాడు. కొద్దిపాటి ఒత్తిడికే ఇవి ద్రవంగా మారతాయి. ద్రవంగా ఉన్న లీటరు గ్యాస్ బయటికి వస్తే దాదాపు 250 లీటర్లు అవుతుంది. మోయగలిగిన బండలో నెలసరి వంట ఇమిడింది అందుకే. మన దేశంలో 1955లో బొంబాయిలో బర్మాషెల్ 'బర్షేన్' పేరుతో అమ్మింది. 1965లో ఇండియన్ ఆయిల్ ఇండేన్ కనెక్షన్లు కలకత్తాలో మొదలయ్యాయి. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు గ్యాస్ కనెక్షన్ అంటే జాబితాలో పేరు రాయించుకుని ఎదురుచూడటమే. ఎంపీల కోటాలో కనెక్షన్లు ఉండేవంటే ఆ గిరాకీ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా సంఘాల మహిళలకు కనెక్షన్ డిపాజిట్ ప్రభుత్వమే కట్టింది. బండ గుమ్మంలోకి వచ్చింది గానీ, నింపించుకునే డబ్బు లేక అది పండక్కీ చుట్టాలకీ మాత్రమే వెలిగిన ఇళ్ళు చాలా ఉన్నాయి. 2016లో కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది. 2024 నవంబరు 1న రాష్ట్రం దీపం-2 కింద ఏడాదికి మూడు బండలు ఉచితమంది. ఎన్ని కనెక్షన్లు ఇచ్చారన్న సంఖ్య కంటే, రెండో బండ ఎన్నాళ్ళకు తెప్పించుకున్నారన్నదే అసలు కొలత. ఎదురుమొండి లాంటి దీవి ఊళ్ళకు కృష్ణను పంటు మీద దాటాలి. అక్కడికి బండ చేరడం ఇప్పటికీ చిన్న పని కాదు.

బండ లోపల వేసవి రోజున చదరపు సెంటీమీటరుకు ఐదారు కిలోల పీడనం ఉంటుంది. యాభై, అరవై మీటర్ల ఎత్తు నీటి స్తంభం అడుగున ఉండే ఒత్తిడి అది. రెగ్యులేటర్ దాన్ని 30 గ్రాములకు, అంటే మూరెడుకు లోపు నీటి ఎత్తుకు దించి పొయ్యికి పంపుతుంది. లడ్డూ, హల్వా వండే బందరు మిఠాయి దుకాణాల భట్టీకి ఈ మంట చాలదు. అక్కడ వాడేది 19 కిలోల బండ, పీడనం పెంచే వేరే రెగ్యులేటర్. ఆ రెగ్యులేటర్‌ను ఇంటి పొయ్యికి తగిలించడం ప్రాణాంతకం. మంట తగ్గిందని బండను పడుకోబెట్టడం, వేడినీళ్ళలో ఉంచడం కూడా అంతే. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే ట్యూబులోకి వస్తుంది.

బండలో ఎంత మిగిలిందో కుదిపి చూస్తారు. డెల్టా ఉక్కపోతలో అంతకంటే మంచి కొలత ఉంది. ద్రవం ఆవిరవుతూ చుట్టూ వేడిని లాక్కుంటుంది, అందుకే లోపల ద్రవం ఉన్నంత మేర ఉక్కు చల్లబడుతుంది. రెండు బర్నర్లూ పెద్ద మంట మీద కాసేపు మండాక బండ ఒంటి మీద చెమట పడుతుంది. ఆ తడి ఏ ఎత్తులో ఆగిందో గ్యాస్ అక్కడి దాకా ఉంది.

ఉప్పుగాలి బండ అడుగు రింగును, పొయ్యి కాళ్ళను తినేస్తుంది. తడి నేల మీద నేరుగా కాక చెక్క మీదో చక్రాల స్టాండు మీదో బండను నిలపాలి. కొత్త బండ దించుకునేటప్పుడు మెడ దగ్గరి పట్టీ లోపలి అక్షరం చూడాలి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, అలా డి అంటే ఏడాది చివరి మూడు నెలలు, పక్కన సంవత్సరం. మళ్ళీ పరీక్ష చేయించాల్సిన ఆ గడువు దాటిన బండను తిప్పి పంపే హక్కు ఇంటివారిది. ఇక ట్యూబు. కోతలయ్యాక పొలం ఎలుకలు ఇళ్ళలోకి చేరే ఊళ్ళివి. లోపల ఉక్కు తీగ అల్లిక ఉన్న నారింజ రంగు సురక్షా ట్యూబునే వాడాలి. ఐదేళ్ళకోసారి మార్చాలి. దాని మీద గుడ్డ చుట్టకూడదు, పొయ్యి కిందుగా పోనివ్వకూడదు.

పాలు పొంగడం ఇంకో పెద్ద ప్రమాదం. పొంగిన పాలు మంటను ఆర్పేస్తాయి, కానీ గ్యాస్ ఆగదు. మంట ఆరగానే గ్యాస్‌ను కట్టేసే ఏర్పాటు చాలా దేశాల పొయ్యిలలో ఉంది. బర్నరు పక్కన ఒక లోహపు మొన వేడెక్కి చిన్న విద్యుత్తును పుట్టిస్తుంది, ఆ విద్యుత్తు ఉన్నంతసేపే వాల్వు తెరుచుకుని ఉంటుంది. మన ఇళ్ళలోని మామూలు పొయ్యిలకు అది లేదు. పాలు మంట మీద పెట్టి టీవీ ముందు కూర్చోవడానికి మన పొయ్యి తగదు. తయారీదారులు దీన్ని ఖరీదైన రకాలకే పరిమితం చేయకుండా అన్నింటికీ ఇవ్వాల్సిన కాలం ఎప్పుడో వచ్చింది.

నాలుగు గజాల పొడవు, మూడు గజాల వెడల్పు ఉన్న చిన్న వంటగదిలో కిలో, కిలోన్నర గ్యాస్ కలిస్తే చాలు, గాలిలో దాని వాటా రెండు శాతానికి చేరుతుంది. మంట అంటుకునే హద్దు అక్కడే మొదలవుతుంది. నేల దగ్గర పొరలుగా నిలిచే గ్యాస్‌కు అంత కూడా అక్కర్లేదు. 1997 సెప్టెంబరు 14 ఉదయం విశాఖ రిఫైనరీలో లీకైన ఎల్‌పీజీ మేఘంలా పరుచుకుని నిప్పందుకుంది. దాదాపు 60 మంది చనిపోయారు. ఆ తరవాత అదే నగరంలో, సముద్రమట్టానికి దాదాపు 200 మీటర్ల దిగువన రాతిని తొలిచి 60,000 టన్నుల ఎల్‌పీజీ దాచే గుహ కట్టారు. రాతి పగుళ్ళలోని భూగర్భజలం లోపలికి నొక్కుతూ ఉంటుంది గనక గ్యాస్ బయటికి రాలేదు. ఇక్కడ గ్యాస్‌కు కాపలా నీరే.

గ్యాస్‌కు సొంత వాసన లేదు. 1937 మార్చి 18న అమెరికాలో టెక్సాస్‌లోని న్యూలండన్ బడిలో వాసన లేని సహజవాయువు గదుల కింద నిండి పేలింది. పిల్లలు, పంతుళ్ళు కలిపి దాదాపు 300 మంది పోయారు. అప్పటి నుంచి గ్యాస్‌లో ఘాటైన వాసన గల మెర్‌కాప్టాన్ అనే రసాయనం కలపడం అక్కడ చట్టమైంది. మన బండలో కలిపేది ఇథైల్ మెర్‌కాప్టాన్. ఆ కుళ్ళు వాసన ముక్కుకు తగలగానే లైటు స్విచ్చు వేయకూడదు, వెలుగుతున్నదాన్ని ఆర్పకూడదు, ఫ్యాను తిప్పకూడదు. స్విచ్చులో పుట్టే నిప్పురవ్వ చాలు. నాబులు, రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు బార్లా తెరిచి, వీలైతే మూత బిగించి బండను ఆరుబయటికి తీసి, అక్కడి నుంచి 1906కు ఫోన్ చేయాలి. లీకు వెతకడానికి అగ్గిపుల్ల గీసే అలవాటు ఇంకా ఉంది. సబ్బు నురుగు రాసి బుడగలు చూస్తే సరిపోతుంది. గుడివాడ మల్లాయపాలెం టిడ్కో ఫ్లాట్ల లాంటి చిన్న వంటగదుల్లో దోమల భయానికి కిటికీలు, తలుపు కింది సందులు కూడా మూసేస్తుంటారు. కిటికీకి జాలీ కొట్టించుకోవచ్చు గానీ, నేల దగ్గరి సందును మూయకూడదు.

ఉమ్మడి కృష్ణా జిల్లాలో ఇళ్ళకు పైపుల్లో సహజవాయువు ఇచ్చే పని కొన్నేళ్ళుగా సాగుతోంది. ఆ గ్యాస్ ప్రధానంగా మీథేన్. గాలి కంటే తేలిక, పైకే లేస్తుంది. పైపు గ్యాస్ వచ్చిన ఇంట్లో గాలి దారి కప్పు దగ్గర ఉండాలి. పాత పొయ్యిని అలాగే తగిలించకూడదు, జెట్టులు మార్చాలి. మీథేన్‌లో లీటరుకు దొరికే వేడి తక్కువ గనక దానికి పెద్ద రంధ్రం కావాలి. ఆ పెద్ద జెట్టుతో ఎప్పుడైనా మళ్ళీ బండ తగిలిస్తే మంట పచ్చగా ఎగసి మసి చిమ్ముతుంది. కనెక్షన్ మార్చడానికి వచ్చిన మనిషి చేత జెట్టులు మార్పించి, రెండు బర్నర్లూ వెలిగించి నీలం మంట చూపించుకున్నాకే కాగితం మీద సంతకం పెట్టాలి.