అటూ ఇటూ మారిన ఆరోగ్య బీమా

అమెరికాలో ఆస్పత్రి ఖర్చు సంగతి పిల్లల్ని అక్కడికి పంపినవారికి తెలియనిది కాదు. బీమా లేకుండా మంచాన పడితే ఇల్లు గుల్లే. ‘ప్రతివారూ బీమా కట్టి తీరాలి’ అన్న మాట అందుకే పుట్టింది. ఎండే పొలం ఉన్నవారే పంట బీమా కట్టి, మిగతావారు తప్పుకుంటే నష్టపరిహారానికి డబ్బెక్కడిది? ఇదీ అంతే.

విడ్డూరమేమంటే, ఈ మాటను 1989లో ముందుకు తెచ్చింది రిపబ్లికన్లకు దగ్గరైన హెరిటేజ్ ఫౌండేషన్. ఆ పార్టీ గవర్నరు మిట్ రామ్నీ 2006లో మసాచుసెట్స్‌లో దానిని చట్టం చేశారు. 2008 ప్రచారంలో పెద్దలకు నిర్బంధం వద్దన్న డెమోక్రాట్ ఒబామా, అధ్యక్షుడయ్యాక 2010లో అదే నిర్బంధంతో చట్టం తెచ్చారు. జబ్బుందని ఏ కంపెనీ ఎవరినీ కాదనరాదన్న నియమమూ అందులోదే. చివరి ఓటింగులో రిపబ్లికన్లు ఒక్కరూ చేయెత్తలేదు. 2012లో ఆ చట్టాన్ని రద్దు చేస్తానంటూ ఒబామాపై పోటీకి దిగింది ఎవరనుకున్నారు? రామ్నీయే! అదే ఏడు సుప్రీంకోర్టు జరిమానాను పన్నుగా లెక్కగట్టి, 5-4 తేడాతో నిర్బంధాన్ని నిలబెట్టింది.

2016 నాటికి ఆ జరిమానా పెద్దలకు తలకు 695 డాలర్లు, లేదా రాబడిలో రెండున్నర శాతం. ఏది ఎక్కువైతే అది. జ్వరమైనా ఎరగని కుర్రవాడికి దండగనిపించడంలో వింత లేదు. 2017లో రిపబ్లికన్లు చేసిన పన్నుల చట్టంతో 2019 నుంచి అది సున్నా అయింది. నిర్బంధం కాగితం మీద ఉంది, కట్టకపోతే కేంద్రం అడగదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం సొంతంగా జరిమానా వేస్తున్నాయి. మీవాడు ఏ రాష్ట్రంలో ఉన్నాడో, బీమా ఉందో లేదో ఈసారి ఫోనులో అడగండి.