లెక్కకు జవాబా? జవాబుకు కారణమా?

భిన్నముతో భాగింపవలసి వచ్చినప్పుడు దానిని తలక్రిందులు చేసి గుణింపవలెనని మన విద్యార్థులందరికిని తెలియును. ఎందుకట్లు చేయవలెనని ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు తరగతిలో ఒకసారి అడిగితిని. తరగతి అంతయు నిశ్శబ్దమయ్యెను. చివరకొక విద్యార్థి లేచి, "అది రూలు సార్" అనెను. పదవ తరగతి లెక్కలలో మంచి మార్కులు తెచ్చుకొన్నవాడే. తప్పు అతనిది కాదు. కారణము చెప్పుమని అతనిని అదివరకెవరును అడిగి యుండలేదు.

ఈ కొరతను తీర్చుటకు సమస్యాధారిత బోధన ఒక మార్గము. ఇందులో ఉపాధ్యాయుడు సూత్రమును ముందుగా చెప్పడు. సమస్యను ముందుంచి, సూత్రము దానినుండి పుట్టునట్లు చేయును. ఈద్ నమాజు ముగిసిన పిమ్మట పదిమంది మిత్రులు ఒకరితోనొకరు ఆలింగనము చేసికొనిరనుకొందము. మొత్తము ఆలింగనములెన్ని? కొందరు 100 అందురు. తన్ను తాను కౌగిలించుకొనువాడు లేడు గదా అని ఒకడు అడ్డు తగులును. లెక్క 90కి దిగును. ఇద్దరి నడుమ జరిగినది ఒక్క ఆలింగనమే గాని రెండు కావు గదా అని మరొకడనును, 45 తేలును. పదకొండవ మిత్రుడు వచ్చినచో మరి పది కలిసి 55 అగును. ఎంతమంది యున్నను, ఆ సంఖ్యను దానికన్న ఒకటి తక్కువైన సంఖ్యతో గుణించి సగము చేయవలెనని పిల్లలే కనుగొందురు. తాము కనుగొన్నదానిని వారు మరువరు.

ఇది మనకు క్రొత్త కాదు. 9వ శతాబ్దిలో బాగ్దాదు నగరమున అల్ ఖ్వారిజ్మీ తన బీజగణిత గ్రంథమును వారసత్వపు పంపకములు, వర్తకము, భూముల కొలతలు మొదలగు నిత్యజీవిత సమస్యల కొరకే రచించెను. మహావీరాచార్యుని 'గణితసార సంగ్రహము'ను తెనిగించిన పావులూరి మల్లన లెక్కలను పద్యములలోనే అడిగెను. 1945లో జార్జి పోల్యా సమస్యాసాధనకు నాలుగు మెట్లు చెప్పెను: సమస్యను గ్రహించుట, ఉపాయమాలోచించుట, అమలు జరుపుట, వెనుదిరిగి పరీక్షించుట. మన తరగతులలో తరచుగా మూడవ మెట్టు మాత్రమే మిగులుచున్నది.

2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము పిల్లల ఆలోచననే గణితమయము చేయవలెనని కోరెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 తరువాత వచ్చిన గణిత పుస్తకములు సమస్యాసాధనతోపాటు కారణములు చెప్పుటను, నిరూపణను కూడ విద్యాప్రమాణములుగా పేర్కొనెను. పుస్తకము మారినను ప్రశ్న అడుగు అలవాటు మారనిచో ఫలితము స్వల్పము.

ఒక హెచ్చరిక అవసరము. పిల్లలను సమస్యతో ఒంటరిగా వదలుట బోధన కాదు. ఎక్కాలు రానివానికి, మాదిరి లెక్క చూడనివానికి మొదట చేయూత కావలెను. తర్కించుటకు భాషయు కావలెను. గచ్చిబౌలిలో 1998లో నెలకొన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము ఉర్దూలోనే ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుచున్నది. "ఎందుకు?" అను ప్రశ్నను ఉర్దూలోగాని తెలుగులోగాని ఇంటి మాటలో అడుగగలిగిన బాలుడు జంకడు. ఆ ప్రాంతపు కంప్యూటర్ సంస్థల మేడలను చూచి ఉద్యోగములు కోరు మన యువకులకు కంఠస్థము చేసిన సూత్రముకన్న ఈ అలవాటే మిన్న.

ఇక మొదటి ప్రశ్న. మూడు రొట్టెలను పావు ముక్కలుగా కోసినచో 12 ముక్కలగును. అనగా 4తో గుణించితిమి. ఒక్కొక్కరికి ముప్పావు రొట్టె, అనగా మూడు ముక్కలు, ఇచ్చినచో నలుగురికి వచ్చును. అనగా 3తో భాగించితిమి. 3/4 తలక్రిందులై 4/3 ఎందుకైనదో ఇప్పుడు మీరే మీ తమ్మునికి చెప్పగలరు.