కూర్చోమంటే లేచే పిల్లలు

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగు తరగతి ఆదివారం పొద్దున పదింటికి ఒక మిత్రుడి ఇంటి బేస్‌మెంటులో జరుగుతుంది. పదకొండు మంది పిల్లలు, ఏడేళ్ళ వాళ్ళ నుంచి పదకొండేళ్ళ వాళ్ళ దాకా. అయిదు రోజులు ఇక్కడి బడి. శనివారం ఈత, చదరంగం, కూచిపూడి. మిగిలిన ఒక్క పూటా మాకిచ్చారు. వాళ్ళు కుదురుగా కూర్చోవడం లేదని ఎవరైనా అంటే, అసలు వస్తున్నందుకు సంతోషించమంటాను.

తల్లిదండ్రులు మాత్రం "కాస్త భయం పెట్టండి మాస్టారూ" అంటూంటారు. ప్రేమ లేక కాదు. వాళ్ళకు తెలిసిన బడి అది. గోడకుర్చీ, గుంజిళ్ళు, తొడపాశం. వాళ్ళ తాతల కాలంలో కోదండం కూడా ఉండేది: దూలానికి కట్టిన తాడు పట్టుకుని పిల్లవాడు వేలాడాలి. హిందీలో 'శిక్షా' అంటే చదువు, తెలుగులో 'శిక్ష' అంటే దండన. మాట ఒక్కటే, మనం దాన్ని ఎటు లాక్కొచ్చామో చూడండి. బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన చలం పిల్లల్ని కొట్టొద్దని చెప్పడానికి 'బిడ్డల శిక్షణ' అని ఒక పుస్తకమే రాయాల్సి వచ్చింది. ఇండియాలో 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండననూ మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది. అంటే మేం ఇక్కడ కోరుకుంటున్న భయాన్ని అక్కడి చట్టమే ఒప్పుకోదు.

పిల్లలు వారమంతా చూసే బడి వేరు. అమెరికాలో ప్రత్యేక విద్య చట్టాన్ని 1997లో సవరించినప్పుడు, ప్రవర్తన సరిదిద్దడానికి సానుకూల పద్ధతులు ఆలోచించాలన్న మాట అందులో చేరింది. తర్వాత అది మామూలు తరగతుల్లోకీ పాకింది. వరసలో నెమ్మదిగా నడిచినందుకు ఒక చీటీ, పక్కవాడికి సాయం చేసినందుకు ఒక చీటీ, పది చీటీలకు ఒక బొమ్మ. అందుకే మా తరగతిలో గుణింతం రాయమంటే ఒక పిల్ల "రాస్తే ఏమిస్తారు అంకుల్?" అంది. సామ దాన భేద దండోపాయాల్లో మనవాళ్ళు నాలుగోది పట్టుకున్నారు, వీళ్ళు రెండోది పట్టుకున్నారు. మొదటిది ఎవరికీ అంతగా పట్టినట్టు లేదు.

సామానికి ఉన్న బలం ఎంతో 1968లో వచ్చిన ఒక అధ్యయనం చెబుతుంది. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలోని వెస్లీ బెకర్, ఆయన సహచరులు మొదటి తరగతి పిల్లల్ని గమనించారు. పిల్లలు లేచి తిరుగుతుంటే టీచర్లు "కూర్చో" అంటారు కదా. ఆ మాట ఇంకా ఎక్కువసార్లు అనమన్నారు. లేచే పిల్లలు తగ్గలేదు, పెరిగారు! అన్న క్షణాన కూర్చుంటారు, కాసేపటికి మళ్ళీ లేస్తారు. తర్వాత కూర్చుని పని చేసుకుంటున్న వాళ్ళను మెచ్చుకోమంటే, లేవడం తగ్గింది. టీచరు తనవైపు చూడటమే పిల్లవాడికి బహుమానం. తిట్టినా సరే, చూశారు కదా. మనం ఆ చూపును ఎవరికి ఖర్చు పెడుతున్నామన్నదే లెక్క.

మా బేస్‌మెంటులో ఇది రోజూ కనిపించే సంగతే. అల్లరి చేసే ఇద్దరి పేర్లు గంటలో ఇరవైసార్లు వినిపిస్తాయి. మూలన కూర్చుని చక్కగా రాసుకునే అమ్మాయి పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప వినిపించదు. ఇప్పుడు పాఠం మొదలుకాగానే ముందు ఆమె దగ్గరికే వెళ్తాను. "ఒత్తులన్నీ కిందనే పెట్టావు, ఎంత చక్కగా చదవొస్తోందో" అంటాను. పక్కవాడు తన పుస్తకం తిప్పి చూసుకుంటాడు. వాడు సర్దుకోగానే వాడి దగ్గరికి. పిల్లల్లో ఒకళ్ళను చూపించి ఇంకొకళ్ళను సిగ్గుపడేలా చేస్తే మాత్రం ఇదంతా దండగ; అది మెప్పు వేషంలో వచ్చిన తిట్టే.

స్టిక్కర్ల మీద నాకు అంత నమ్మకం లేదు. 1973లో మార్క్ లెప్పర్, మరిద్దరు కలిసి స్టాన్‌ఫర్డ్ ఆవరణలోని పిల్లల బడిలో ఒక పరీక్ష చేశారు. బొమ్మలు వేయడం ఇష్టమైన పిల్లల్లో కొందరికి, వేస్తే బంగారు రంగు నక్షత్రమున్న ప్రశంసాపత్రం ఇస్తామని ముందే ఆశపెట్టారు. కొన్నాళ్ళకు ఏ బహుమతీ లేకుండా కలాలు బల్లమీద పెడితే, ఆ పిల్లలు మిగతావాళ్ళకంటే బాగా తక్కువ సేపు వేశారు. చెప్పకుండా హఠాత్తుగా పత్రం ఇచ్చిన పిల్లల్లో ఆ నష్టం కనిపించలేదు. నాకర్థమైనంతలో, అడుగే పడని చోట స్టిక్కరు ఒక తోపు తోస్తుంది. కథ వినడం ఎలాగూ ఇష్టమైన పిల్లకు కథ విన్నందుకు స్టిక్కరు ఇవ్వడం దేనికి?

మెచ్చుకోవడానికి మన భాషలో ఒక చిక్కుంది. "గుడ్ జాబ్" అని ఇంగ్లీషులో రోజుకు వందసార్లు అనొచ్చు. దాన్ని తెలుగులో "మంచి పని" అంటే మనకే నవ్వొస్తుంది. భేష్, శభాష్, భలే ఉన్నాయి కానీ వాటిని చిల్లరలా వెదజల్లలేం. పైగా ఎదురుగా పొగిడితే ఆయుక్షీణమని పెద్దల మాట. ఈ ఇబ్బంది మంచిదే అనుకుంటాను. వట్టి "బాగుంది" నోట్లోంచి రాదు కాబట్టి ఏది బాగుందో చూసి చెప్పక తప్పదు.

మా తరగతిలో తొమ్మిదేళ్ళ కుర్రాడొకడు రెండు నెలలు నోరు విప్పలేదు. రాస్తాడు, చదవమంటే తల దించుకుంటాడు. వాళ్ళమ్మను అడిగితే సంగతి తెలిసింది. ఒకరోజు ఇంట్లో "నాకు కల్లు మండుతున్నాయి" అన్నాడట. ఇల్లంతా నవ్వింది. ఫోను పెట్టి తెనాలిలో ఉన్న మామయ్యకు కూడా వినిపించారు. ఎవరూ ఏమీ అనలేదు, కొట్టలేదు, ముద్దొచ్చే నవ్వారు. వాడు మాత్రం ఆ రోజు నుంచి ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుతున్నాడు.

వాడిని చదవమనడం మానేశాను. నా చెవిలో ఒక్క మాట చెబితే చాలన్నాను. మూడో వారం "నీళ్ళు" అన్నాడు. "నాలుక వెనక్కి మడిచావు, వినిపించింది" అన్నాను, అంతే. అటు తర్వాత "పళ్ళెం", "గోళీ". ఎవరూ అడక్కుండానే.

వేసవికి వాళ్ళ నాయనమ్మ వచ్చారు. వాణ్ణి దింపడానికి వచ్చి, "ప్రతిదానికీ పొగుడుతారట, పిల్లలకు దిష్టి తగలదూ?" అన్నారు.

"పొగడక్కర్లేదమ్మా. మీ చెవిన పడింది వాడికి చెప్పండి చాలు."

మరుసటి ఆదివారం గుమ్మంలోనే ఆపారు. "మాస్టారూ, నిన్న మావాడు 'కళ్ళు' అన్నాడండీ. చక్కగా అన్నాడు."

"వాడితో చెప్పారా?"

"వాడితో ఎందుకూ? మీతో చెబుతున్నాగా!"