బ్రేక్ లైట్లు ఆరట్లేదా? ముందు పెడల్ దగ్గర చూడండి

ఈ రోజు మాట్లాడుకునేది చాలా చిన్న రిపేర్. కానీ అది తెలియక నేను పెద్ద ప్రమాదం దాకా వెళ్లొచ్చాను.

మొన్న సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్నా. చీకటి పడింది. సూర్యాపేట దగ్గర టీకి ఆపితే, వెనకే లారీ ఆపిన డ్రైవరన్న దిగి నా దగ్గరకొచ్చాడు. "తమ్ముడూ, నకిరేకల్ నుంచి చూస్తున్నా, నీ ఎర్రలైట్లు ఒక్కసారి కూడా ఆరలేదు. నువ్వెప్పుడు బ్రేక్ వేస్తున్నావో నాకెట్లా తెలుస్తది? ఒకసారి దగ్గర దగ్గర గుద్దేసేవాణ్ణి" అన్నాడు. వెనక సీట్లో మా అమ్మ కూర్చుని ఉంది. నా చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

ఆ అన్న చెప్పింది గుర్తుపెట్టుకోండి. ఎప్పుడూ వెలిగే బ్రేక్ లైట్, అసలు లేని బ్రేక్ లైట్‌తో సమానం.

ఇంతకీ ఇది ఎందుకు జరుగుతుంది? బ్రేక్ పెడల్ పైభాగంలో, డ్యాష్‌బోర్డ్ కింద, ఒక చిన్న స్విచ్ ఉంటుంది. దానికి బయటకి పొడుచుకొచ్చిన ఒక పుల్ల లాంటిది ఉంటుంది, దాన్నే ప్లంజర్ అంటారు. మీరు కాలు తీసినప్పుడు పెడల్ వెనక్కొచ్చి ప్లంజర్‌ని నొక్కుతుంది, లైట్లు ఆరిపోతాయి. కాలు వేస్తే ప్లంజర్ బయటకొస్తుంది, లైట్లు వెలుగుతాయి. అంటే, ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల లైట్ వెలుగుతుంది చూడండి, అచ్చం అదే పద్ధతి.

ఇప్పుడు చెక్ చేద్దాం. కారు సమంగా ఉన్న చోట ఆపి, ఇంజన్ ఆఫ్ చేసి, హ్యాండ్ బ్రేక్ వేయండి. వెనక చూసేవాళ్లు లేకపోతే ఫోన్‌లో వీడియో ఆన్ చేసి వెనకాల పెట్టండి, లేదా గోడ మీద ఎర్రటి వెలుగు గమనించండి.

ఒకటి. పెడల్‌ని చేత్తో పైకి లాగండి. లైట్లు ఆరిపోయాయా? అయితే పెడల్ పూర్తిగా వెనక్కి రావట్లేదు, లేదా స్విచ్ అడ్జస్ట్‌మెంట్ తప్పింది. ఫ్లోర్ మ్యాట్ అడ్డం పడిందేమో, స్ప్రింగ్ ఊడిందేమో చూడండి. పెడల్ బిగుసుకుపోయి ఉంటే బ్రేకులు కూడా పట్టేసి ఉండొచ్చు. అప్పుడు నడపకండి.

రెండు. ఫోన్ టార్చ్ వేసి పెడల్ పైకి చూడండి. ప్లంజర్‌ని వేలితో నొక్కండి. లైట్లు ఆరితే స్విచ్ బాగానే ఉంది, దాన్ని నొక్కేదే లేదు. చాలా కార్లలో పెడల్ మీద ప్లంజర్ తగిలే చోట చిన్న రబ్బరు లేదా ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. అది ఏళ్ల తరబడి ఎండి, పొడి పొడి అయిపోతుంది. అప్పుడు ప్లంజర్ ఆ ఖాళీ రంధ్రంలోకి దూరిపోతుంది. నా కారులో జరిగింది ఇదే. మ్యాట్ మీద ప్లాస్టిక్ ముక్కలు వారం నుంచీ కనిపిస్తున్నా, చెత్త అనుకుని దులిపేశా!

మూడు. నొక్కినా ఆరట్లేదా? స్విచ్ వైర్ కనెక్టర్ ఊడదీయండి. ఇప్పుడు ఆరితే స్విచ్ పోయినట్టే, కొత్తది వేయాలి. అప్పుడూ వెలుగుతుంటే వైరింగ్‌లో షార్ట్ ఉండొచ్చు, ఎలక్ట్రీషియన్ దగ్గరకు వెళ్లండి. కొన్ని కొత్త కార్లలో ప్లంజర్ స్విచ్ బదులు సెన్సర్ ఉంటుంది. వాటికి ఈ పరీక్ష పనికిరాదు, సర్వీస్ సెంటర్‌లోనే చూపించండి.

బిళ్ల పోతే రిపేర్ సులువు. మీ మోడల్‌కి సరిపోయే బిళ్ల స్పేర్ పార్ట్స్ షాపులో అడిగి, రంధ్రంలో పెట్టి నొక్కడమే. ఆ రాత్రి నాకు అది దొరకలేదు. పక్కనున్న మెకానిక్ అదే రంధ్రంలో చిన్న బోల్టు పెట్టి, వెనక నట్టు బిగించాడు. ఊరు చేరేదాకా పనిచేసింది, కానీ అది తాత్కాలికమే. మర్నాడే అసలు బిళ్ల వేయించా.

స్విచ్ మరతో బిగించే రకమైతే పానాతో లాక్ నట్ వదులు చేసి కొంచెం ముందుకు జరపొచ్చు. మరీ ముందుకు తేవద్దు. స్విచ్ పెడల్‌ని నెట్టిందంటే బ్రేకులు ఎప్పుడూ కొంచెం పట్టే ఉంటాయి.

ఇంకో మాట. చాలా కార్లలో తాళం తీసేసినా ఈ లైట్లకు కరెంట్ వస్తూనే ఉంటుంది. మామూలు బల్బు ఒక్కోటి 21 వాట్లు. రెండు కలిపి 42, అంటే 12 వోల్టుల మీద 3.5 ఆంపియర్లు. పది గంటలు వెలిగితే 35 ఆంపియర్-అవర్లు, చిన్న కారు బ్యాటరీ తెల్లారేసరికి ఖాళీ. అందుకే రాత్రికి బ్రేక్ లైట్ ఫ్యూజ్ తీసేయండి. కానీ ఫ్యూజ్ తీసి మాత్రం బండి నడపకండి ఫ్రెండ్స్, అప్పుడు అసలు లైట్లే ఉండవు.

ఈ వీడియో అయ్యాక ఒక్కసారి కిందికెళ్లి మీ కారు వెనక చూడండి. రోడ్డు మీద ఎవరి కారుకైనా లైట్లు ఆరకపోతే, ఆగినప్పుడు ఒక మాట చెప్పండి. నాకు ఆ లారీ అన్న చెప్పాడు కాబట్టే మా అమ్మతో ఇంటికి చేరాను. ఉంటాను మరి, జాగ్రత్తగా నడపండి.