మీకు తెలుసా? ఆ పిచ్చర్ అమ్మమ్మ, తాతయ్యలది తెలుగు నేల

అమెరికా బేస్‌బాల్‌లో టెక్సస్ రేంజర్స్‌కు బంతి విసిరే కుమార్ రాకర్ తల్లి లలిత. ఆమె తల్లిదండ్రులు ఆంధ్రప్రదేశ్ నుంచి అమెరికా వలస వెళ్లినవారు. కుమార్ తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ మాజీ ఆటగాడు.

2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున డ్యూక్ జట్టుపై కుమార్ 19 మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) చేశాడు, ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. అంత పేరొచ్చినా పెద్ద లీగ్ అయిన మేజర్ లీగ్‌కు నేరుగా దారి లేదు. మన క్రికెట్‌లో ఓ ఊరి కుర్రాడు జిల్లా జట్టు, హైదరాబాద్ రంజీ జట్టు దాటుకుంటూ ఎదగాల్సినట్టే, అక్కడ మైనర్ లీగుల్లో సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అనే మెట్లున్నాయి. 30 పెద్ద జట్లకు వీటిలో 120 అనుబంధ జట్లు.

జట్లు వరుసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2021లో న్యూయార్క్ మెట్స్ అతణ్ని పదో స్థానంలో ఎంచుకుంది. వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం ఇవ్వలేదు. ఏ యువకుడికైనా గుండె జారే దెబ్బ అది. కుమార్ స్వతంత్ర లీగ్‌లో ట్రై సిటీ వ్యాలీక్యాట్స్‌కు ఆడాడు. 2022లో రేంజర్స్ మూడో స్థానంలోనే తీసుకుంది!

2023లో హై ఏ జట్టు హికరీకి ఆడుతుండగా మోచేతి లిగమెంట్ దెబ్బతింది. టామీ జాన్ సర్జరీ తప్పలేదు. తెగిన లిగమెంట్ స్థానంలో మరోచోటి స్నాయువును అమర్చే ఈ ఆపరేషన్ తర్వాత, మళ్లీ పూర్తి వేగంతో విసరడానికి ఏడాది పైనే పడుతుంది. కోలుకుని ఫ్రిస్కో, రౌండ్ రాక్ జట్ల మీదుగా కుమార్ పైకొచ్చాడు. 2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌పై మేజర్ లీగ్ తొలి మ్యాచ్ ఆడి, 4 ఇన్నింగ్స్‌లో ఏడుగురిని స్ట్రైకౌట్ చేశాడు.