పాత రికార్డు ప్లేయర్ కొంటున్నారా? ముందు ముల్లు చూడండి

పాతబస్తీలో కొన్ని ఇళ్ల అటకల మీద ఇప్పటికీ రికార్డుల కట్ట ఒకటి దొరుకుతుంది. బేగం అఖ్తర్ గజళ్లు, ఖవ్వాలీలు, ఘంటసాల పాటలు... పెద్దవాళ్లు వాటిని 'తవాలు' అనేవారు. తవాలు మిగిలాయి గానీ, వాటిని మోగించే మిషన్ మాత్రం ఎప్పుడో కబాడీకి వెళ్లిపోయింది. అందుకే జుమేరాత్ బజార్‌లోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో పాత ప్లేయర్ కనబడితే చేయి ఆగదు. కానీ తొందరపడితే నష్టం మిషన్‌తో ఆగదు. మిషన్ పోతే ఇంకోటి దొరుకుతుంది. తాతగారి తవా గాడి అరిగిపోతే మాత్రం మళ్లీ రాదు.

ఇంట్లో ఉన్నవి ఏ రికార్డులు?

ముందు ఇది తేల్చుకోవాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు లక్కతో చేసినవి. కింద పడితే పగులుతాయి. 45, 33 చుట్లవి వినైల్‌వి, కొంచెం వంగుతాయి. 78 రికార్డు గాడి వెడల్పు. దానికి ముల్లు మొన కూడా ఎల్పీ ముల్లుకు సుమారు మూడు రెట్లు ఉండాలి. ఎల్పీ ముల్లుతో 78 వేస్తే అది గాడి అడుగున దొర్లి బరబరమంటుంది. 78 ముల్లును ఎల్పీ మీద పెడితే గాడి అంచులే దెబ్బతింటాయి. పాత సిరామిక్ కార్ట్రిడ్జ్‌లు చాలావాటికి రెండు వైపులా ముల్లు ఉంటుంది. చిన్న మీట తిప్పి మార్చుకోవాలి. ఏ వైపు ఉందో చూడకుండా రికార్డు వేయొద్దు.

ఇత్తడి గొట్టంతో మెరిసే గ్రామఫోన్ల సంగతి వేరు. బజార్‌లో ఉన్నవాటిలో చాలామటుకు షోకేసు కోసం కొత్తగా చేసినవే. పైగా కీ తిప్పి వాడే గ్రామఫోన్ స్టీలు ముల్లు రికార్డు మీద చాలా బరువు వేస్తుంది. ఆ ముల్లును ఒక్కో వైపు పాటకీ మార్చాలి. వాటి మీద ఎల్పీ అసలు పెట్టకూడదు.

దుకాణంలోనే చేసే పరీక్ష

ప్లేటు అంచున చిన్న కాగితం ముక్క అంటించి, 33 స్పీడులో తిప్పి ఫోన్‌లో టైమ్ పెట్టుకోండి. 3 నిమిషాల్లో సరిగ్గా 100 చుట్లు రావాలి. ప్లేటు ఎగుడుదిగుడుగా ఊగకూడదు. ఆర్మ్ అడ్డంగా, నిలువుగా ఎక్కడా పట్టకుండా కదలాలి. ముల్లును భూతద్దంతో చూడాలి. విరిగినా, వంకరపోయినా, లేకపోయినా ఆ మోడల్‌కు ముల్లు దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే బేరం ఆడాలి. వినడానికి పనికిరాని రికార్డు ఒకటి వెంట తీసుకెళ్లాలి. మంచిదానితో పరీక్ష వద్దు.

జెడ్డా నుంచి, అమెరికా నుంచి వచ్చిన సెట్లు

బంధువులు తెచ్చిన సెట్లలో ఒక చిక్కు ఉంది. సౌదీలో, అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, మన దగ్గర 50. పాత బెల్టు ప్లేయర్లలో చాలావాటి మోటారు వేగం ఈ హెర్ట్జ్ మీదే నడుస్తుంది. 60 కోసం చేసిన సెట్ ఇక్కడ 3 నిమిషాలకు 83 చుట్లే తిరుగుతుంది. పాట సాగిపోయి, ఆడ గొంతు మగ గొంతులా వినిపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ తగ్గుతుందే గానీ హెర్ట్జ్ మారదు. మోటారు పుల్లీని 50 హెర్ట్జ్‌దిగా మార్చాలి. డీసీ మోటారు సెట్లకు ఈ బాధ లేదు, వోల్టేజీ సరిచేస్తే చాలు.

రిపేరు ఎక్కడ మొదలుపెట్టాలి?

చాలా సెట్లు పాడైపోయి ఆగవు, ఎండిపోయి ఆగుతాయి. ఏళ్ల తరబడి గ్రీజు గట్టిపడి మోటారు బిగుసుకుంటుంది. ప్లగ్ తీసేసి, పాత గ్రీజు తుడిచి, ఇరుసులో కుట్టుమిషన్ నూనె ఒకటి రెండు చుక్కలు వేస్తే చాలాసార్లు కదులుతుంది. రబ్బరుకు మాత్రం నూనె తగలకూడదు. బెల్టు సాగిపోతే మార్చడమే. లోపలి రబ్బరు చక్రం గట్టిపడితే పాట వెనక గరగర వినిపిస్తుంది. వాల్యూమ్ తిప్పినప్పుడు చిటపటమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టాలి. ఎడతెగని 'గుంయ్' మోత వస్తే ముందు ఎర్త్ వైరు చూడాలి. అదీ సరిగా ఉంటే యాంప్లిఫయర్‌లో కెపాసిటర్లు పోయి ఉండొచ్చు. ఆ పని మెకానిక్‌కే వదిలేయాలి, కరెంటు తీసేశాక కూడా అవి షాక్ కొట్టగలవు.

సెట్ బాగానే ఉండి సౌండ్ సన్నగా వస్తే రిపేరు కాకపోవచ్చు. మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ అయితే మధ్యలో ఫోనో ప్రీయాంప్ కావాలి. సిరామిక్‌కు సాధారణంగా అక్కర్లేదు. ఆర్మ్ బరువు కూడా ముఖ్యమే. మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌లకు మామూలుగా 1.5 నుంచి 3 గ్రాములు చాలు. ముల్లు ఎగురుతోందని ఆర్మ్ మీద నాణెం పెట్టడం పాత అలవాటు. అది గాడిని తినేస్తుంది.

తవా కడిగేటప్పుడు

వినైల్ శుభ్రానికి వాడే స్పిరిట్ ద్రావణం 78 రికార్డులకు తగలకూడదు. లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. లేబుల్ తడవకుండా, మెత్తటి బట్టతో, కొద్దిపాటి నీళ్లతో తుడిచి వెంటనే ఆరబెడితే చాలు.

కాబట్టి లెక్క వేసేటప్పుడు సెట్ ధర ఒక్కటే చూడొద్దు. ముల్లు, బెల్టు, ప్రీయాంప్, మెకానిక్ కూలి అన్నీ కలపాలి. చవగ్గా వచ్చిన ముల్లు లేని సెట్, చివరికి పని చేస్తున్న సెట్ కంటే ఖరీదు కావచ్చు. కొత్త ముల్లు పెట్టి, చుట్లు లెక్క సరిచూశాకే అటక మీది కట్ట దించండి.